ఆపమన్న పిడికిలి

ఆయన పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. ముందుగా ఇది రాసిపెట్టాలి.

కలకత్తా ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరింట్లో కుక్కరు పేలినా సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. ఆయన చనిపోయి, సమాధి కూడా అయిపోయాక, మూడోనాడు ఆదివారం గుడికి వెళ్తే నోటీసు బోర్డు మీద చూశాను. "ప్రభువునందు నిద్రించిరి" అని అరచేయంత కాగితం, ఒక్క గుండుసూదికి వేలాడుతోంది. పక్కనే సండే స్కూలు పిల్లల పిక్నిక్ కాగితానికి నాలుగు మూలలా నాలుగు సూదులున్నాయి.

కమిటీ సెక్రటరీని నిలదీశాను. కుర్రవాడు, బ్యాంకులో పని. "మీరు పట్టించుకోరనుకున్నాం అంకుల్, మీ ఇద్దరికీ మాటల్లేవు కదా" అన్నాడు. మాటల్లేనివాళ్లకు చావు కబురు చెప్పనక్కర్లేదని ఏ వాక్యంలో ఉందో నాకు తెలియదు. అది చాలదన్నట్టు, "ఈస్టరు సంచికకు ఆయన మీద ఓ జ్ఞాపకం రాసివ్వండి, మీరూ ఆయనా ఓడల డాకులో ఒకే గ్యాంగట కదా. అర పేజీ చాలు" అన్నాడు.

అర పేజీ! కమిటీ పెద్ద గారి అల్లుడికి ఇల్లు కుదిరిన సాక్ష్యానికి గతేడాది రెండు పేజీలిచ్చారు. నాకు పట్టినంత రాస్తాను. కోసుకుంటే కోసుకోండి. ఆయన పేరు మాత్రం రాయను. బతికున్నప్పుడు ఆ పేరును ఏం చేశామో మనందరికీ తెలుసు.

ఆయన చెయ్యి గురించి చెప్పాలి.

ఆయన ఓడ మీద సిగ్నల్‌మన్. ఓడ నడుమ నోరు తెరుచుకుని ఉండే పెద్ద గొయ్యి అంచున నిలబడే మనిషి. నేను వించి డ్రైవర్ని. బరువును తాడుతో ఎత్తి ఆ గోతిలోకి దించడం నా పని. నేను కూర్చున్న చోటునుంచి అడుగు కనపడదు. అడుగున సరుకు సర్దేవాళ్లకు నేను కనపడను. వాళ్ల ప్రాణాలకూ నా వించికీ మధ్య ఉన్నది ఆయన కుడిచెయ్యి ఒక్కటే. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తాలి. కిందికి తిప్పితే దించాలి. పిడికిలి బిగించి ఎత్తితే ఆపాలి, ఎందుకని అడగకూడదు. కలకత్తాలో ఆ రోజుల్లో పిడికిళ్లకు కొదవ లేదు. ఎర్రజెండా ప్రభుత్వం ఇంకా కొత్త. గేటు మీటింగుల్లో, ఊరేగింపుల్లో పిడికిలి ఎత్తారంటే ముందుకు నడవమని. ఆగమని ఎత్తే పిడికిలి నేను ఒక్కటే చూశాను.

పని బయట కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. టీ కొట్టు ముందు నిలబడి వేలు కిందికి తిప్పితే బెంగాలీ కొట్టువాడు భాండంలో, ఆ చిన్న మట్టికప్పులో, టీ పోసేవాడు. పిడికిలి బిగిస్తే ఆపేవాడు. "తుమార్ గలా నేయ్ దాదా? నోరు లేదా?" అని వాడు ఎగతాళి చేస్తే ఈయన నవ్వి రెండో భాండానికి మళ్లీ వేలే తిప్పేవాడు. గుడిలో పాట పాడించేవాడు ఒకే చరణాన్ని నాలుగోసారి ఎత్తుకున్నాడంటే వెనకనుంచి పిడికిలి లేచేది. పిల్లలు పడిపడి నవ్వేవాళ్లు. పాట ఆగేది. అయ్యగారు కూడా ప్రసంగం మధ్యలో ఒకసారి అటు చూసుకునేవారు.

నేను వించి మీదికి వచ్చిన మొదటి రోజున ఆయన నాతో అన్న మొదటి మాట: "సెయ్యి సూడు తమ్మీ. నా మొకం కాదు."

నాకు అది అవమానంగా తోచింది. పని నేర్చుకునే వచ్చాను కదా. "మొహం చూస్తే ఏమవుతుంది?" అన్నాను.

"మొకం అబద్దమాడుద్ది. సెయ్యికి అంత తెలివి లేదు."

గ్యాంగు అంతా విన్నారు. నేను మరిచిపోలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. రోజూ పొద్దున్న ఓడ ఎక్కగానే నా దగ్గరికి వచ్చి నా రెండు అరచేతులూ పట్టుకునేవాడు. డాక్టరు నాడి చూసినట్టు కళ్లు మూసుకుని ఒక క్షణం నిలబడేవాడు. "సల్లగుంది. ఎల్లు" అంటే నేను వించి ఎక్కాలి. "ఏడిగుంది తమ్మీ, ఎవల మీద?" అంటే చెప్పాలి. నాకు ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఉండేది. చెబితే వినేవాడు. విన్నాక మళ్లీ పట్టుకుని చూసేవాడు. కోపమున్నవాడి చేతికి బరువు తెలియదని ఆయన నమ్మకం.

ఒకసారి వినలేదు. నా చేతులు వదిలేసి, గ్యాంగు పెద్ద సర్దారు వైపు తిరిగి పిడికిలి ఎత్తాడు. ఆ రోజంతా నా వించి ఇంకొకడు నడిపాడు. నేను అందరి ముందూ డెక్కు మీద కూర్చుని తాళ్లు చుట్టాను. మర్నాటినుంచి గ్యాంగు నన్ను "జొరంగాడు" అని పిలిచారు. "ఏటి జొరంగాడా, ఈవేల ఎంతుంది?" అని పొద్దున్నే పలకరింపు. ఆ పేరు పెట్టినవాడు అప్పలసామి. గోతి అడుగున పనిచేసేవాడు, సోంపేట వైపు మనిషి, పాతికేళ్లుంటాయి. అతని నవ్వు ఓడ అడుగునుంచి కూడా పైకి వినిపించేది. అతను మన సంఘంవాడు కాదు. అతని భార్య పారమ్మ. కొత్తగా పెళ్లయింది.

ఇప్పుడు ఏడు మాటల సంగతికి వస్తాను.

శుభ శుక్రవారం పన్నెండునుంచి మూడు దాకా సిలువ ధ్యానాలు. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు సంఘస్థులు లేచి ఒక్కొక్కరు ఒక్కొక్క మాట మీద ప్రసంగించాలి. ఎవరికి ఏ మాటో ఆ ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు అయ్యగారు జాబితా చదువుతారు. మొదటి మాట, తనను సిలువ వేస్తున్నవాళ్లను క్షమించమని ప్రభువు తండ్రిని అడిగిన మాట, సంఘంలో గౌరవమున్నవాడికి ఇస్తారు. ఐదోది దాహం మాట. ఆ మాట వచ్చేసరికి రెండు దాటుతుంది. ఏప్రిల్ ఎండ. ఫ్యాన్లు తిరిగితే తిరుగుతాయి, కరెంటు పోతే లేదు. పిల్లలు నీళ్లు నీళ్లని ఏడుస్తుంటారు. తల్లులు బయటికి నడుస్తుంటారు. ప్రభువు దాహం ఎవరికీ పట్టదు. ఆ ఐదో మాట నాకు వరసగా రెండేళ్లు ఇచ్చారు.

మూడో ఏడు, ఎప్పుడూ మొదటి మాట చెప్పే రిటైర్డు హెడ్‌మాస్టరు గారు టెక్కలి వెళ్లిపోయారు. నేను ముందుగానే పదకొండు పేజీలు రాసుకున్నాను. మట్టల ఆదివారం అయ్యగారు జాబితా తీశారు. మొదటి మాట మా సిగ్నల్‌మన్‌కిచ్చారు. ఐదో మాట నాకు.

ఆయన లేచి, "నాకు సదువు లేదు అయ్యగారూ" అన్నాడు.

"దీనికి కావలసింది చదువు కాదు" అన్నారు అయ్యగారు. అన్నప్పుడు నా వైపు చూశారు. చూడలేదని తర్వాత అన్నారు. చూశారు.

మర్నాడు సోమవారం. గోనె బేళ్లు ఎక్కించాల్సిన ఓడ. పొద్దున్న ఆయన వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. కళ్లు మూసుకోలేదు.

"మండిపోతంది" అన్నాడు. "ఈవేల ఒద్దు తమ్మీ."

నేను చేతులు లాక్కున్నాను. "మొదటి మాట చాల్లేదా అన్నా? నా వించి కూడా కావాలా?"

ఆయన మొహం వాడిపోయింది. సర్దారు అవతల బీడీ వెలిగిస్తూ నిలబడ్డాడు. ఈయన పిడికిలి సగం లేచింది. నా వైపు చూశాడు. మెల్లిగా కిందికి వదిలేశాడు. నేను గెలిచాననుకున్నాను. వించి ఎక్కాను.

మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. భోజనాలయ్యాక మూడో స్లింగో నాలుగో స్లింగో. ఆరు బేళ్లు తాడుకు వేలాడుతూ గోతి మీదికి వచ్చాయి. ఆయన అంచున నిలబడి వేలు కిందికి తిప్పుతున్నాడు. నేను దించుతున్నాను. అయితే నేను చూస్తున్నది చేతిని కాదు. మొహాన్ని చూస్తున్నాను. చదువు లేనివాడి మొహం, మొదటి మాట చెప్పబోయే మొహం. అందులో గర్వం ఎక్కడ దాక్కుందా అని వెతుకుతున్నాను. వెతుకుతుండగానే ఆ మొహం మారింది. నోరు తెరుచుకుంది. ఇంతలావు కళ్లు. ఎందుకు మారిందో నాకు అర్థం కాలేదు. చెయ్యి చూసేసరికి పిడికిలి ఆకాశంలో ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

అప్పలసామి జారిపోయిన గమ్చా, మెడ మీది తువ్వాలు, తీసుకోవడానికి బేళ్ల కిందికి వంగాడట. పైకి వినిపించే ఆ నవ్వు లాంటిదేదీ ఆ రోజు వినిపించలేదు. అసలు ఏ చప్పుడూ వినిపించలేదు. దాన్ని నేను ఇప్పటికీ వింటూ ఉంటాను.

అందరూ గోతిలోకి పరిగెత్తారు. ఆయన మాత్రం డెక్కు దాటి నా దగ్గరికి వచ్చాడు. పిడికిలి ఇంకా బిగిసే ఉంది.

"నువ్వు సెయ్యి సూసే దించినావు" అన్నాడు. "నాను దించమన్నాను. తెలిసిందా?"

"అన్నా..."

"ఇంకో మాట ఆడకు. పిల్లలుగలోడివి."

ఇది గట్టిగా రాయాలి. నేను అడగలేదు. కాళ్లు పట్టుకోలేదు. కన్నీళ్లు పెట్టుకోలేదు. నన్ను రక్షించమని నేను ఎవరినీ బతిమాలలేదు. కాదని కూడా అనలేదు.

బుధవారం విచారణ. పొడుగాటి గది, ముగ్గురు ఆఫీసర్లు, బయట వరండాలో యూనియన్ దాదా. మంచివాడే ఆ దాదా. ఈయన్ను పక్కకు పిలిచి, "దొడి ఖారాప్ ఛిలో, బోలో" అన్నాడు. తాడు పాడైపోయి ఉందని చెప్పు, మిగతాది యూనియన్ చూసుకుంటుంది. ఎవరికీ ఏమీ కాకుండా బయటపడే దారి అది. నాకూ, ఆయనకూ. ఈయన ఒప్పుకోలేదు. "తాడు బాగుందని సూసి పంపినోడు ఒకడున్నాడు కదా దాదా. ఆడికీ ఇల్లుంది" అన్నాడు. ఈ మాట మీద నేను ఆయన్ను ఇవాల్టికీ క్షమించలేదు. ఎవరూ బలి కానక్కర్లేని దారి చూపిస్తే కాలదన్నినవాణ్ణి ఏమంటారు?

లోపల పెద్ద ఆఫీసరు ఒకే ప్రశ్న అడిగాడు. "దోష్ కార్?"

"ఆమార్, స్యార్." తప్పు నాదే.

నన్ను అడిగారు: సిగ్నల్ చూసే దించావా? తల ఊపాను. అంతే, నా సాక్ష్యం. నోటితో అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన ఉద్యోగం పోయింది. డాకు క్వార్టరు పోయింది. గురువారం సాయంత్రం కమిటీ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "రక్తం అంటిన చెయ్యి. మొదటి మాట ఎలా చెప్తాడు? నువ్వు చెప్పు" అన్నాడు. రెండేళ్లు అడిగితే ఇవ్వనిదాన్ని ఇంటికి తెచ్చి ఇచ్చారు. పదకొండు పేజీలు సిద్ధంగానే ఉన్నాయి.

శుక్రవారం పన్నెండుకు లేచాను. మూడు పేజీలు బాగా చదివాను. నాలుగో పేజీలో, ఆ మేకులు కొట్టినవాళ్లకు తాము చేసేదేమిటో తెలియదని చెప్పే చోటు వచ్చింది. తలెత్తాను. గుమ్మం పక్క చివరి బెంచీలో ఆయన కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ముందు బెంచీ వీపు మీద ఉంది. పిడికిలి బిగించి.

నా గొంతు ఆగిపోయింది. కాగితాలు మడిచి కూర్చున్నాను. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. "ఎంత కదిలిపోయాడో" అని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఏటేటా మొదటి మాట నాదే అయింది. ఏటేటా ఆ నాలుగో పేజీ దగ్గర ఆయన పిడికిలి కనిపించేది. ఏటేటా నేను ఆగిపోయేవాణ్ణి. అలా ఆగిపోవడమే నా ప్రసంగంలో గొప్ప ఘట్టమని సంఘంలో పేరొచ్చింది. మట్టల ఆదివారం వస్తోందంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఈ ఏడు లేస్తాడు, ఈ ఏడు నోరు విప్పుతాడు అనుకునేవాణ్ణి. మా పెద్దమ్మాయి పెళ్లిలో ఆయన గుమ్మంలోకి వచ్చి అక్షింతల పళ్లెం వైపు నడుస్తుంటే నేను జనం వెనక్కి జరిగాను. అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. అదీ ఒక అవమానమే. నా అన్నం ఆయనకు పనికిరాలేదు.

డాకు వెనక బస్తీలో ఒక రేకుల గదిలో ఉండేవాడు. చిరిగిన గోనె సంచులు కుట్టి మార్కెట్లో అమ్ముకునేవాడు. అంతకన్నా ముందు, పొద్దున్నే ఆయనకు ఇంకో పని ఉండేది. సందు చివర టైం-కల్, అంటే గడియారం ప్రకారం నీళ్లు వదిలే కొళాయి. ఆరింటికి నీళ్లు వస్తాయి. ఆయన రెండు బాల్టీలు నింపి పారమ్మ గడప ముందు పెట్టి వచ్చేవాడు. పారమ్మకు డాకు ఆసుపత్రిలో ఊడ్చే పని ఇచ్చారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

మొదటి ఏడాది ఆమె ఆయన చూస్తుండగానే ఆ నీళ్లు కాలవలో పారబోసేది. "నా మొగుణ్ణి మింగినోడా" అని తిట్టేది. ఆయన ఖాళీ బాల్టీలు తీసుకుని వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ తెచ్చేవాడు. తర్వాత పారబోయడం మానేసింది. ఆ నీళ్లతో గడప కడిగేది, వాకిలి కడిగేది. వంటకు, తాగడానికి మాత్రం తనే కొళాయికి వెళ్లి వేరే తెచ్చుకునేది. వానల్లో, హర్తాళ్లలో, జ్వరాల్లో కూడా ఆ రెండు బాల్టీలు ఆగలేదని బస్తీలో చెప్పుకునేవారు. నేను ఆ సందులోంచి వెళ్లడం మానేశాను. చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఆ చుట్టుదారి కూడా ఆయన నాకు పెట్టిన శిక్షే.

ఒక్కసారి మాత్రం తప్పించుకోలేకపోయాను. పది పన్నెండేళ్లయి ఉంటుంది అప్పటికి. ఓడ వస్తోందని డాకు వంతెన తెరిచారు. రోడ్డు నడుమ నీళ్లు. బస్సులూ రిక్షాలూ మనుషులూ ఆగిపోయాం. పక్కకు తిరిగి చూస్తే ఆయన. నెత్తిన సంచుల మూట. వెనక జనం, ముందు నీళ్లు. కదలడానికి లేదు.

ఎంతసేపని నిలబడతాం. నేనే అడిగాను. "ఏటేటా నా మీదికి పిడికిలి ఎందుకు ఎత్తుతావు అన్నా?"

"ఏ పిడికిలి?" మూట సర్దుకుని కుడిచెయ్యి చూపించాడు. "ఇదేటి? ఆ దినంనుంచి ఇది ఇప్పుకోదు తమ్మీ. బలమంతాన ఇప్పితే మల్లీ ముడుసుకుపోద్ది. బాల్టీకి బాగా పనికొస్తంది."

నిజంగానే వేళ్లు కొక్కెంలా వంగిపోయి ఉన్నాయి. అరచేతిలో బాల్టీ కమ్మి చేసిన గాడి.

"నాకోసం అబద్ధమాడమని నేను అడిగానా?"

"నేదు."

"మరి?"

"అబద్దమేటుంది? నీ సెయ్యి మండతందని నాకు తెలుసు. తెలిసి ఎక్కనిచ్చినాను. నువ్వు నొచ్చుకుంతావని జడిసినాను. నానొక్క మాటంటే అప్పలసామి బతికుండును."

"అయితే సగం నీది. నా సగం నాకిచ్చెయ్. పారమ్మకు నేను చెప్పుకుంటాను."

ఆయన నవ్వాడు. "సెప్పు. నానెప్పుడైనా ఒద్దన్నానా? సగాలు కొయ్యడం నాకు సేతకాదు, అంతే." వంతెన మూసుకుంటోంది. జనం కదులుతున్నారు. ఆయన నా వైపు తిరిగి, నా మొహం కేసి కాక నా చేతుల కేసి చూశాడు. "అప్పుడు నువ్వు నా సెయ్యి సూడనేదు. ఇప్పుడు నాను నీ సెయ్యి సూస్తన్నాను తమ్మీ. సూస్తానే ఉంతాను."

జనంలో కలిసిపోయాడు. అది బెదిరింపో దీవెనో నేను ఈ రోజుకీ తేల్చుకోలేదు. పారమ్మ దగ్గరికి ఆ వారం వెళ్దామనుకున్నాను. పైవారం అనుకున్నాను. అలా ఇంకో పధ్నాలుగేళ్లు.

నోటీసు చూసిన ఆదివారం నేను ఆరాధన అయ్యేదాకా ఆగలేదు. లేచి బయటికి వచ్చి, ఇన్నేళ్లూ తప్పించుకున్న సందులోకి నడిచాను. ఆ జరిగింది తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. రేపు నేను పోతే, ఆయన హంతకుడిగానే మిగిలిపోతాడు. ఆ భయం ఆయన మీద ప్రేమతో కాదు. అంత బరువుతో పైకి వెళ్లి ఆయన ఎదుట నిలబడలేను.

పారమ్మ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది.

"ఆడు సచ్చిపోయినాడంట అన్నియ్యా" అంది. "నీల్లు రాకపోతే తెలిసింది."

నేను కూర్చోలేదు. "పారమ్మా, నేను చెప్పేది విను. ఆ రోజు ఆయన దించమనలేదు. ఆపమని పిడికిలి ఎత్తాడు. నేను చూసుకోలేదు. కోపంతో ఎటో చూస్తున్నాను. అప్పలసామిని చంపింది నేను. ఆయన తన మీద వేసుకున్నాడు. నేను ఊరుకున్నాను."

ఇరవై ఆరేళ్లుగా గొంతులో ఉన్నది అయిదారు మాటల్లో అయిపోయింది. ఆమె అరుస్తుందని, చాట నా మొహాన కొడుతుందని, బస్తీ అంతా పోగవుతుందని అనుకున్నాను. నిజానికి కోరుకున్నాను.

పారమ్మ చాట పక్కన పెట్టింది.

"నువ్వింత మంచోడివని నాకు తెలవదు అన్నియ్యా" అంది.

"మంచివాణ్ణి కాను, నిజం చెప్తున్నాను..."

"సచ్చినోడి మీద మచ్చ ఉండకూడదని నీ నెత్తినేసుకుంతన్నావు. మీ కిరస్తానపోల్లకిది అలవాటే కదేటి? ఎవుడో సేసినదానికి మీ దేవుడు సచ్చినాడని ఆడే సెప్పీవోడు, ఇక్కడే నిలబడి."

"ఆయన చెయ్యలేదు పారమ్మా! ఒట్టు!"

"ఊరుకో." గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఆపీసులో ఆడి నోటితోనే ఒప్పుకున్నాడు. ఇరవయ్యారేల్లు నా గడపకి నీల్లు మోసినాడు. సెయ్యనోడు మోస్తాడేటి?"

చెయ్యనివాడే మోశాడని నేను ఇరవై ఆరు శుభ శుక్రవారాలు మైకు ముందు నిలబడి చెప్పాను. అదే మా విశ్వాసమంతా. ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే నోరు పెగల్లేదు. ఆమె నమ్మదు. ఆయన ఆ బరువును అంత బాగా మోశాడు. నా పాపం నాదని చెప్పుకునే వీలు కూడా నాకు మిగల్చకుండా పట్టుకుపోయాడు.

"మొకం పీక్కుపోయింది. నీల్లు తాగు" అంది. లోపలికి వెళ్లలేదు. గడప పక్కనే రెండు బాల్టీలున్నాయి, మీద సత్తు పళ్లేలు మూతపెట్టి. ఒక పళ్లెం తీసి గ్లాసు ముంచింది.

"ఆడు తెచ్చిన ఆకరి నీల్లు" అంది. "గడప కడగబుద్ది కానేదు. పారబొయ్యబుద్దీ కానేదు. నిన్న నానూ ఓ గుక్క తాగినాను."

నేను తాగాను. ఇనుము వాసన వేసింది. నాకు ఎన్నాళ్లనుంచో దాహంగా ఉందని అప్పుడు తెలిసింది. రెండో గ్లాసు అడిగాను. నా ఐదో మాట మీద చెప్పడానికి ఇంత ఉందని ఆ రెండేళ్లూ నాకు తెలియదు.

నిన్న మట్టల ఆదివారం. అయ్యగారు, ఇప్పుడున్న కొత్తాయన, జాబితా చదివారు. మొదటి మాట నాదే. లేచి, నాకు ఐదోది ఇవ్వండని అడిగాను. జనం మెల్లిగా నవ్వారు. వినయం అనుకున్నారు. ఇవ్వలేదు. ఇదీ రాసిపెడుతున్నాను.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆ శుక్రవారం దాటిపోయి ఉంటుంది. పన్నెండింటికి నేను లేస్తాను. మూడు పేజీలు చదువుతాను. నాలుగో పేజీ దగ్గర తలెత్తుతాను. గుమ్మం పక్క బెంచీ ఖాళీగా ఉంటుంది. ఇన్నేళ్లూ నన్ను ఆపింది ఆ పిడికిలేనని చెప్పుకుంటూ వచ్చాను; ఆయన ఎన్నడూ ఆపలేదని వంతెన దగ్గరే తెలిసింది నాకు. ఇక ఆ నెపం లేదు. అక్కడ నా గొంతు వణికితే మీరు కన్నీళ్లు పెట్టుకోకండి. నా మొహం చూడకండి. మొహం అబద్ధమాడుతుంది.

అక్కడ ఆ నిజం చెప్తానో లేదో ఇవాళ సోమవారం నాకు తెలియదు. పొద్దున్న నా రెండు అరచేతులూ నేనే పట్టుకుని చూసుకున్నాను. వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో సొంత చేతులతో తెలియడం లేదు. బరువు మాత్రం ఇంకా తాడు మీదే వేలాడుతోంది. కింద మనుషులున్నారు.